పచ్చి బాలింతల దగ్గరికి వెళ్ళబోయే మనవాళ్ళకి

కాలిఫోర్నియాలోని తెలుగు సంఘాల విహారయాత్రల కమిటీ పెద్దలకు, వలంటీర్లకు,

నమస్కారం.

పోయిన వారం మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫ్లయర్ తిరిగింది. ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ట్రిప్. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరడం, ఆదివారం పొద్దున సాన్ ఇగ్నాసియో లగూన్‌లో గ్రే వేల్స్, అదే మధ్యాహ్నం వెనక్కి. మధ్యలో ఎర్రక్షరాలతో "తిమింగలాన్ని ముట్టుకోండి, గ్యారంటీ!" కింద చిన్నక్షరాలతో, పుట్టినరోజులుంటే బోటులోనే కేక్ కటింగ్, బ్లూటూత్ స్పీకర్ మేమే తెస్తాం అని.

ఏ సంఘం వేసిందో చెప్పను. ఆ కమిటీలోవాళ్ళు నాకు తెలుసు. ఉగాదికి మూడొందల మందికి పులిహోర కలిపి పెట్టే మంచి మనుషులు. పైగా ఇలాంటి ఫ్లయర్ ఇదొక్కటే కాదు, రెండు మూడేళ్ళుగా చూస్తున్నాను. ఒకరికి ఫోన్ చేసి చెప్తే మనసు నొచ్చుకుంటారు. అందరికీ కలిపి రాస్తే ఎవరికి వాళ్ళు ఇది పక్కవాళ్ళకి రాశాడనుకుంటారు కాబట్టి ఇలా రాస్తున్నాను.

వెళ్ళొద్దని చెప్పడానికి మాత్రం కాదు. తప్పకుండా వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. ఆ గ్యారంటీ అన్న మాట మీదే నా పేచీ అంతా.

మేం 2025 ఫిబ్రవరిలో వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మది చినగంజాం, ఉప్పు కొఠార్ల మధ్య పెరిగిన మనిషి. సాన్ డియేగో నుంచి కార్లో రెండు రోజులు కిందికి దిగి, 28వ అక్షాంశం దాటి గెర్రెరో నెగ్రో చేరేసరికి చుట్టూ ఉప్పు మడులు, దూరంగా తెల్లటి గుట్టలు. ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరున్న ఉప్పు కర్మాగారం అక్కడే ఉంది. అమ్మ అద్దం దించి వాసన చూసి, "ఏందిరా, ఇన్ని వేల మైళ్ళు తిప్పి మళ్ళీ మనూరికే తెచ్చావా" అంది.

అక్కణ్ణుంచి ఇంకో 140 కిలోమీటర్లు పోతే సాన్ ఇగ్నాసియో ఊరు. ఎడారి నడుమ ఖర్జూరపు తోపు, ఒక నీటి మడుగు, 1728లో జెసూట్ ఫాదర్లు మొదలుపెట్టిన మిషన్. ఆ ఊరి నుంచి పసిఫిక్ వైపు గంటకి పైగా ప్రయాణం చేస్తే లగూన్ వస్తుంది. పులికాట్ చూసినవాళ్ళకి లగూన్ అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి ఇసుక దిబ్బల చాటున ఆగిన నీళ్ళు. ఎండకి ఆవిరయ్యే చోటు కాబట్టి లోపలికి పోయేకొద్దీ సముద్రం కంటే ఉప్పన. పెద్ద అలలుండవు, నీళ్ళు కాస్త వెచ్చగా ఉంటాయి. తిమింగలం పిల్లల్ని చంపి తినే ఓర్కాలు లోపలికి రావడం చాలా అరుదు.

గ్రే వేల్ ఆడది ఏడాదికి పైగా కడుపున మోస్తుంది. అలాస్కాకి పైన, బేరింగ్, చుక్చీ సముద్రాల దగ్గర ఎండాకాలమంతా మేసి, చలి మొదలవగానే ఈ లగూన్లలో పిల్లని కనడానికి ఒడ్డు వెంబడే కిందికి దిగుతుంది. రానుపోను 16 వేల నుంచి 20 వేల కిలోమీటర్లు. దారిలోనూ, లగూన్‌లోనూ తిండి దాదాపు లేనట్టే. ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆధారం. ఆ కొవ్వులోంచే పాలూ రావాలి. ఆ పాలు సగానికి సగం వెన్నే. పుట్టినప్పుడే పిల్ల నాలుగున్నర మీటర్ల పొడవు, టన్నుకి కాస్త తక్కువ బరువు.

ఇక నా ఘనకార్యం చెప్తాను. ఇది చెప్పకుండా మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

అక్కడి పడవల్ని పంగా అంటారు. మన వాడరేవు దగ్గర తిరిగే ఫైబర్ బోట్ల లాంటివే, వెనక ఒక మోటారు. నడిపేవాళ్ళు ఆ ఊరి జాలర్లు. మా పడవలో పర్మిట్ జెండా కట్టుకుని బయల్దేరాం. చూసే చోటుకి చేరాక ఒక్కో పడవకి తొంభై నిమిషాలు ఇస్తారు. నలభై నిమిషాలు గడిచినా ఏదీ దగ్గరికి రాలేదు. దూరంగా ఊపిరి వదిలినప్పుడు లేచే తుంపర, ఒకటి రెండు తోకలు, అంతే. పిల్లలకి బోర్ కొట్టి చిప్స్ పొట్లాలు తీశారు. నాకేమో టెన్షన్. రెండు రోజుల డ్రైవింగ్, హోటళ్ళ ఖర్చు, అమ్మ ఇంత దూరం రావడం. అప్పుడు నూట యాభై మీటర్ల అవతల ఒక తల్లీ పిల్లా కనబడ్డాయి. నేను వాలెట్ తీసి, ఇరవై డాలర్ల నోట్లు రెండు పడవ నడిపే ఆయనకి చూపించి, అటు పోనివ్వమని సైగ చేశాను.

ఆయన ఎడమ చెయ్యి మోటారు పిడి మీదే ఉంచి, కుడి చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఎయ్యా దెసిదె" అన్నాడు. పక్కనున్న గైడ్ అమ్మాయి అర్థం చెప్పింది: అది ఆమె ఇష్టం, అని.

నేను మా ఆవిడకి తెలుగులో ఏదో గొణిగాను. రూల్స్ అన్నీ మనకేనా, నలభై డాలర్లకి ఎవరు కాదంటారు లాంటిదేదో. అమ్మ వినేసింది. "ఒరే, పచ్చి బాలింతరా అది. పురిటింటి ముందు నోట్లు ఊపుతావేందిరా?"

నోట్లు జేబులో పెట్టుకున్నాను.

మనలో పురుడొచ్చిన ఇంటికి ఎలా పోతాం? గడప ఇవతల నిలబడి, గొంతు తగ్గించి పలకరిస్తాం. తల్లి నిద్రపోతుంటే మళ్ళీ వస్తామని వచ్చేస్తాం. వాళ్ళు చేతికిస్తే బిడ్డని ఎత్తుకుంటాం, లేదంటే లేదు. "ఎత్తుకోవడం గ్యారంటీ" అని ఎవరూ కబురు పెట్టరు. నిజానికి ఆ లగూన్‌లో రాసుకున్న నియమాలు కూడా దీనికి దగ్గరగానే ఉంటాయి. పడవ వెంటపడకూడదు, చుట్టుముట్టకూడదు, తల్లికీ పిల్లకీ మధ్యలోకి దూరకూడదు. నీళ్ళలోకి దిగి ఈదకూడదు. ఒకేసారి ఆ నీళ్ళలో పదహారు పంగాలకి మించి ఉండనివ్వరు. అసలు లగూన్ పైభాగమూ మధ్యభాగమూ సందర్శకుల పడవలకి పూర్తిగా మూసేస్తారు, చూపించేదంతా ముఖద్వారం దగ్గరి నీళ్ళలోనే. లోపలి గది బాలింతకి, వసారా చుట్టాలకి అన్నమాట.

ఇంతకీ ఆ రోజు ఏమైందని అడుగుతారు కాబట్టి చెప్తాను. మోటారు ఆపకుండా, గేరు తీసేసి అలాగే గురగుర మనిపిస్తూ కూర్చున్నాడాయన. ఆ చప్పుడు వాటికి ఇష్టమని అక్కడివాళ్ళ నమ్మకం. కొంతసేపటికి పడవ కింద ఏదో పెద్ద నీడ కదిలింది. పడవ కంటే రెండింతలు పొడుగు. అది తల్లి. అది ఆగలేదు, కిందనించి అలా జారిపోయింది. వెనకే పిల్ల వచ్చి అమ్మ కూర్చున్న వైపు మూతి పైకి పెట్టింది. నల్లటి మూతి మీద వరసగా చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో బిరుసు వెంట్రుక. తిమింగలానికి వెంట్రుకలుంటాయని నాకు అప్పటిదాకా తెలీదు. అది ఊపిరి వదిలితే మా అందరి మొహాల మీదా తుంపర పడింది. మూసేసిన చేపల మార్కెట్ కడిగిన నీళ్ళ వాసన. అమ్మ ఒక్కసారి దాని మీద చెయ్యి పెట్టి తీసేసింది. ఎలా ఉందంటే, "తొక్క ఒలిచిన తాటిముంజె లాగుందిరా" అంది.

నేను ముట్టుకోలేదు. అందరూ ఒకవైపుకే వస్తే పడవ ఒరుగుతుందని ఆయన నన్ను కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

తర్వాత తల్లి కాస్త దూరంలో పైకి తేలింది. తలంతా అంటుకున్న గుల్లలు, వాటి చుట్టూ నారింజ రంగులో గుంపులు గుంపులుగా పేలు. "దానికీ పేలేనా, పాపం" అని అమ్మ. గైడ్ అమ్మాయి మాత్రం ఇంకో చోటు చూపించింది. తల అయిపోయి ఒళ్ళు మొదలయ్యే చోట వీపు మీద పల్లం. బాగా తిన్న తిమింగలానికి అక్కడ కొవ్వు నిండి గుండ్రంగా ఉంటుందట. దీనికి సొట్ట పడి ఉంది.

ఆ సొట్ట సంగతి తెలియాలంటే కొన్ని అంకెలు చూడాలి. ఈ తూర్పు పసిఫిక్ గ్రే వేల్స్ 2016 ప్రాంతంలో దాదాపు 27 వేలు ఉండేవి. 2018 చివరి నుంచి అలాస్కా మొదలు మెక్సికో దాకా ఒడ్డుకి శవాలు కొట్టుకురావడం మొదలైంది. 2023 నవంబరు దాకా లెక్కపెడితే 690. చాలావాటి ఒళ్ళు చిక్కిపోయి ఉంది. అవి తినేది ఆర్కిటిక్ అడుగు బురదలో బతికే రొయ్యల్లాంటి చిన్న పురుగుల్ని. పక్కకి ఒరిగి, బురద నోట్లోకి పీల్చి, జల్లెడ పట్టి తింటాయి. సముద్రం మీద మంచు తగ్గేసరికి, మంచుని అంటిపెట్టుకుని పెరిగి కిందికి రాలే నాచు తగ్గింది, దాంతో కింద పురుగుల మేతా తగ్గింది. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 2025లో చెప్పిన అంచనా సుమారు 13 వేలు. 1970ల తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. అదే ఏడాది ఉత్తరానికి తిరిగి వెళ్ళే దారిలో కాలిఫోర్నియా తీరాన వాళ్ళు లెక్కపెట్టి అంచనా కట్టిన పిల్లలు 85 మాత్రమే. 1994లో ఈ లెక్కలు మొదలుపెట్టాక ఇంత తక్కువ రాలేదు.

ఎనభై అయిదు. మన సంక్రాంతి ముగ్గుల పోటీకి వచ్చే ఆడపిల్లలు ఇంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

బే ఏరియా కమిటీలవాళ్ళకి ఇది ఇంకా దగ్గరి విషయం. 2025 వసంతంలో మీ శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల చచ్చి తేలిన గ్రే వేల్స్ పదికి పైనే. ఆకలికి దారి తప్పి బే లోపలికి వచ్చేవి కొన్ని, ఓడల దెబ్బకి పోయినవి కొన్ని.

ఇలాంటప్పుడు మన పడవ ఒక తల్లి వెంటపడితే నష్టం ఏంటో వేరే చెప్పాలా? అది పిల్లని వెంటేసుకుని పక్కకి తప్పుకోవాలి. ఆ ఈత ఖర్చు పాలలోంచే పోతుంది. మళ్ళీ మేత దొరకాలంటే ఇంకా వేల కిలోమీటర్లు పోవాలి.

మనిషి వెంటపడటం దాని జాతికి కొత్తేం కాదు. 1857 చలికాలంలో చార్లెస్ స్కామన్ అనే అమెరికన్ కెప్టెన్ ఇంకాస్త పైనున్న ఓహో దే లియెబ్రె లగూన్‌లోకి ఓడలు తీసుకుని దూరాడు. కుందేలు కన్ను అని ఆ పేరుకి అర్థం. తల్లులు, పిల్లలు, పారిపోడానికి చోటు లేని ఇరుకు నీళ్ళు. మొదట్లో తల్లులు తిరగబడి పడవల్ని పగలగొట్టాయి, మనుషులకి దెబ్బలు తగిలాయి. అందుకని వేటగాళ్ళు వాటికి దయ్యపు చేప అని పేరు పెట్టారు. పురిటింట్లోకి బల్లేలతో వచ్చినవాడు దయ్యం కాదట, అడ్డుపడ్డ తల్లి దయ్యమట! తర్వాత పేలే బాణాలు తెచ్చారు, ఇక తిరగబడటం కూడా కుదరలేదు. కొద్ది కాలంలోనే ఆ లగూన్లు దాదాపు ఖాళీ అయ్యాయి. స్కామన్ తర్వాత 1874లో సముద్ర జంతువుల మీద మంచి పుస్తకమే రాశాడు. ఆ లగూన్‌కి ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ఆయన పేరే వాడుతుంటారు. నేను కుందేలు కన్ను అనే అంటాను.

ఆ భయం రెండో వైపు కూడా ఉండేది. సాన్ ఇగ్నాసియో జాలర్లు తిమింగలం దగ్గరికొస్తుంటే పడవ చెక్కల మీద దబదబా కొట్టి తరిమేవాళ్ళు. 1972లో పచీకో మయొరాల్ అనే జాలరి చేపల వేటలో ఉండగా ఒక తిమింగలం ఆయన పడవ పక్కనే తేలి ఎటూ పోకుండా ఉండిపోయింది. చాలాసేపు వణుకుతూ కూర్చుని, చివరికి ఆయన చెయ్యి చాచాడు. అది ఉండనిచ్చింది. అక్కడ తిమింగలాన్ని ముట్టుకోవడం అన్నది మొదలైంది అలా. ఆయన 2013లో పోయారు. ఆ ఊళ్ళో ఏ పంగా ఎక్కినా ఆయన కథ చెప్తారు. గమనించారా, ఆ కథలో ముందు దగ్గరికి వచ్చింది తిమింగలమే.

పనికొచ్చే మాటలు కొన్ని చెప్తాను, ట్రిప్ ప్లాన్ చేసేవాళ్ళ కోసం.

తేదీ మార్చండి. ప్రెసిడెంట్స్ డేకి కాకుండా మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి పెట్టుకోండి. అప్పటికి ఒంటరివి చాలావరకు ఉత్తరానికి వెళ్ళిపోతాయి. పిల్లలు కాస్త బలిసి, తల్లులు వాటిని వెంటేసుకుని ముఖద్వారం వైపు వస్తాయి. పిల్లలకి అన్నీ చూడాలనిపించే వయసు అది, మన పిల్లల్లాగే. శుక్రవారం రాత్రంతా డ్రైవ్ చేసి పోవడం మానండి. ఆ హైవేకి షోల్డర్ ఉండదు, రాత్రిపూట ఆవులు రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. లగూన్ దగ్గర కనీసం రెండు రాత్రులు ఉండండి, ఎందుకంటే గాలి లేచిందంటే ఆ పూట పడవలు కదలవు. ఒక్క ఆదివారం పొద్దున్నే నమ్ముకున్న బస్సు గాలి వేస్తే చూడకుండా తిరిగి రావాలి, లేదా "ఎలాగోలా తీసుకెళ్ళు" అని పడవాయన్ని సతాయించాలి. నేను సతాయించినవాణ్ణే, ఎలా ఉంటుందో తెలుసు.

జాలర్లే నడిపే క్యాంపుల్లో దిగండి. తిమింగలాలున్నన్నాళ్ళూ ఆ లగూన్‌లో వాళ్ళు చేపల వేట ఆపుకుంటారు, ఆ నెలల సంపాదన మన టికెట్టే. అందుకే వెళ్ళడం మానేయమని నేను అనడం లేదు. పడవకి పర్మిట్ ఉందా అని ముందే అడగండి. చౌక అని పర్మిట్ లేనివాణ్ణి మాట్లాడుకోవద్దు. డ్రోన్లు ఇంట్లోనే పెట్టండి, అది రిజర్వు, అనుమతి లేకుండా ఎగరేయకూడదు. కేకు ఒడ్డున కోసుకోండి. స్పీకర్ సంగతి ఇక నేను చెప్పక్కర్లేదనుకుంటా.

ఫోటో ఒక్కటే కావాలనుకునేవాళ్ళకి అంత దూరం అక్కర్లేదు. డిసెంబరు నుంచి ఇవే తిమింగలాలు మా సాన్ డియేగో పాయింట్ లోమా ముందునుంచే పోతాయి. కొండ మీద నిలబడి బైనాక్యులర్స్‌తో చూడొచ్చు. ఇక్కడ పడవెక్కితే వంద గజాల దూరం పాటించమంటారు, ముట్టుకోవడమైతే అసలు చట్టవిరుద్ధం. అవే జంతువులు, సరిహద్దు దాటగానే అవే మన చేతి కిందికి వస్తాయి. ఎందుకొస్తాయో ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. అమ్మనడిగితే, "పిల్ల ఏడుస్తుంటే నేనూ నిన్ను ఎత్తుకుని రైలు చూపించేదాన్ని" అంటుంది.

ఈ ఉత్తరం వల్ల ఏమవుతుందని మా ఆవిడ అడిగింది. ఉత్తరాలంటే ఆ లగూన్‌కి ఒక చరిత్ర ఉంది. మెక్సికో ప్రభుత్వానికీ మిత్సుబిషికీ ఉమ్మడి కంపెనీ ఒకటి గెర్రెరో నెగ్రో ఉప్పు పని చూసేది. 1995లో అలాంటిదే ఇంకోటి సాన్ ఇగ్నాసియో లగూన్ ఒడ్డున కట్టాలని బయల్దేరారు. వందల చదరపు కిలోమీటర్ల మడులు, సముద్రంలోకి మైలు పొడవు జెట్టీ. అప్పటికే అది బయోస్ఫియర్ రిజర్వు, 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేరింది. అయినా ఆగలేదు. ఊరి జాలర్లు, మెక్సికో రచయితలు, ఇక్కడి పర్యావరణ సంఘాలు అందరూ కలిసి అయిదేళ్ళు పోరాడారు. ప్రపంచం నలుమూలల నుంచి మిత్సుబిషికి లక్షల ఉత్తరాలు వెళ్ళాయి, వాటిలో బడిపిల్లలు రాసినవీ ఉన్నాయి. 2000 మార్చి 2న అధ్యక్షుడు ఎర్నెస్తో సెదిల్యో ఆ ప్రాజెక్టు ఆపేశానని ప్రకటించారు. ఉప్పు కొఠార్లలో పెరిగిన మా అమ్మకి ఈ కథ చెప్తే, "ఉప్పు ఎక్కడైనా పండిద్ది, పురుడు ఎక్కడంటే అక్కడ పోసుకోలేరు కదా" అంది.

లక్షల ఉత్తరాలు అక్కర్లేదు, నేను అడుగుతున్నది చిన్నది. ఆ ఫ్లయర్‌లో గ్యారంటీ అన్న ఒక్క పదం తీసేయండి. దాని బదులు "దగ్గరికి వస్తే చూస్తాం, రాకపోతే దూరం నుంచి చూస్తాం" అని రాయండి. జనం తగ్గుతారనుకుంటే తగ్గనివ్వండి, ఉన్నవాళ్ళు ప్రశాంతంగా చూస్తారు. మార్చిన ఫ్లయర్ నాకు పంపితే మా గ్రూపులన్నిటిలో నేనే పెడతాను.

ఇంకో సంగతి. అమ్మ వచ్చే జనవరిలో మళ్ళీ వస్తోంది. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి ఆ చిక్కు లేదు. మీ బస్సులో మాకు రెండు సీట్లు ఉంచండి. పడవలో అమ్మకి అంచు పక్కన చోటు కావాలి. నేను నడిమధ్యలో ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను.

ఇట్లు,
మీ సాన్ డియేగో సభ్యుడు